చివరి ఆమేన్

పందొమ్మిదేళ్ల వయసులో ఒక సంఘాన్ని గడగడలాడించినవాణ్ణి నేను. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమనున్న చర్చీలన్నిటిలో పడుచువాళ్లకు పెద్దల సభలో చోటు దొరికిందంటే అది నా వల్లే. ఈ మాట మా మనవళ్లకు చెప్పాను, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను, ఒకసారి బస్సులో కండక్టరుకు కూడా చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెట్టేసరికి చెయ్యి కొంచెం వెనకాడుతోంది. గడగడలాడిన సంఘం మాదొక్కటే. అదీ గడగడలాడలేదు. కొంచెం ఇబ్బందిగా కదిలి కూర్చుంది, అంతే.

అప్పటికి మా తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కొత్తగా ఆంధ్రలో కలిసింది. అంతకు ముందే దేశంలో ఓట్లు జరిగాయి. ఊరికి అవతల, వంక ఒడ్డున ఉన్న మా గేరి, అంటే మా వాడలో ఎవరూ ఏనాడూ ఏ సంగతీ అడగని మనుషులు కూడా వరసలో నిలబడి ఓటు వేసి వచ్చారు. నాకు ఆ వయసు రాలేదు గానీ ఆ వేడి మాత్రం తగిలింది. ఆదివారం సాయంత్రాలు పాటలు నేర్చుకోవడానికి చర్చిలో చేరే పడుచువాళ్లమంతా ఒకటే అనుకునేవాళ్లం. దేశాన్ని ఎవరు ఏలాలో కూలివాణ్ణి అడుగుతున్నారు కదా, చర్చిని ఎట్లా నడపాలో మమ్మల్ని ఎందుకు అడగరు?

ఆ ప్రశ్నను నిండు సభలో లేచి నేనే అడిగానని చెప్పుకుంటూ వచ్చాను. అడిగింది పంతులమ్మ. ఆమె మా గేరి పిల్లే. ఆదోనిలో ట్రైనింగు చేసి వచ్చి, వారం రోజులూ చర్చిలోనే చాప పరిచి చిన్నపిల్లలకు చదువు చెప్పేది. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె అడుగుతుంటే నేను వెనక నిలబడి తల ఊపాను. గట్టిగానే ఊపాను.

"ఓట్లొచ్చినంక పిల్లోళ్లకు నోళ్లు వచ్చినాయి," అన్నాడు ఒక పెద్ద.

"నోళ్లు ముందే ఉండాయి సిన్నాయనా. మీకు ఇప్పుడు ఇనపడతాండాయి," అంది పంతులమ్మ.

ఆదోని నుంచి వచ్చిన పాదిరి అయ్యగారు నవ్వు ఆపుకుని, మంచిదే, ఇద్దరిని తీసుకోండి అన్నారు. పంతులమ్మను ఆమె చదువు చూసి తీసుకున్నారు. నన్ను నా తెలివి చూసి తీసుకున్నారని చాలా ఏళ్లు నమ్మాను. సంఘ పెద్దల్లో అందరికంటే పెద్దాయన మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన. ఆయన ఇంటి కూడు తినేవాడు ఆయన మాటకు ఎదురు చెప్పడని నన్ను ఎంచుకున్నారు. మా పెద్దలు తెలివితక్కువవాళ్లు కాదు.

పెద్దలు గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చునేవారు. మా ఇద్దరికీ గుమ్మం పక్కన చాప. అందరి చెప్పులూ మా పక్కనే. కుర్చీ వేశారని ఎక్కడైనా చెప్పి ఉంటే అది కొట్టేయండి.

సభకు ఒక కట్టుబాటు ఉండేది. ఏ తీర్మానమైనా చేతులెత్తి తేల్చేది లేదు. మాట ముందు పెట్టాక అందరికంటే పెద్దాయన "ఆమేన్" అనాలి. ఆ తరువాత వయసు వరసలో ఒక్కొక్కరూ అంటూ రావాలి. అందరి ఆమేన్లూ పడితేనే అది సంఘం మాట. ఒక్కరు పలకకపోయినా ఆ మాట అక్కడే ఆగి, వచ్చే సభకు పోతుంది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ పైనుంచి పెద్దల ఆమేన్లు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చి, చివరి మనిషి తల మీద ఎంత బరువై కూర్చుంటాయో అక్కడ కూర్చున్నవాడికే తెలుసు. చివరి ఆమేన్ నాది. నాకు ముందు పంతులమ్మది.

మేము సభలో కూర్చున్న తొలి ఆదివారమే మామ సంగతి వచ్చింది.

మామ అంటే మా చర్చి గంట కొట్టే మామ. గేరిలో పడుచువాళ్లందరికీ ఆయన మామే. గంట అంటే గంట కాదు. రైలు రోడ్డు పని జరిగిన చోటి నుంచి ఎవరో తెచ్చిన పట్టా ముక్క. దాన్ని వేపచెట్టుకు ఇనుప తీగతో వేలాడదీసి, ఒక కడ్డీతో కొట్టేవాళ్లు. ఆ కడ్డీ మామ దగ్గరే ఉండేది. ఆయన కొడితే ఆ ఇనుప ముక్క పలికే తీరే వేరు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా, వెంటనే ఒక చిన్నది. ఆ దెబ్బ ఎమ్మిగనూరు దాకా వినిపించేదని నేను చెబుతుంటాను. వంక దాటి ఊళ్లోకి వినిపించేది, అది నిజం.

ఆయన చేతికి ఆ వరస తప్పెట నుంచి వచ్చింది. మా తాతల కాలంలో గేరిలో మగవాళ్లందరూ తప్పెట కొట్టేవాళ్లే. ఊరి జాతరకూ, ఊరి చావుకూ, ఊరి పెళ్లికీ పిలిస్తే పోవాలి, కొట్టాలి. బాప్తిస్మం తీసుకున్నాక సంఘం పెట్టిన మొదటి నిబంధన అదే. తప్పెట ముట్టకూడదు. ముట్టినవాణ్ణి ప్రభువు బల్లకు దూరం పెడతారు. అంటే సంస్కారపు ఆదివారం అందరూ రొట్టె తీసుకుంటుంటే అతడు బయట కూర్చోవాలి. అయ్యగారు రొట్టె విరవడానికి మా పల్లెకు మూడు నాలుగు నెలలకొకసారి వచ్చేవారు. ఒకసారి తప్పితే మళ్లీ ఎంతకో. మా గేరిలో ఆ బల్ల దగ్గర కూర్చోవడమంటే మాటలు కాదు. ఊళ్లో ఏ పంక్తిలోనూ చోటు లేని మనుషులకు దొరికిన ఒకే ఒక పంక్తి అది.

ఆ శ్రావణమాసంలో మామ తప్పెట కొట్టాడు. ఆయన జీతం చేసే రైతు కొడుకు, చిన్నపిల్లవాడు, జ్వరంతో చావు దాకా పోయి బతికాడు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నారు. బండ్లు కట్టుకుని బయలుదేరుతుంటే ముందు తప్పెట ఉండాలన్నారు. మామ ఇంటికి పోయి, అటక మీది తప్పెట దించి, మంట దగ్గర కాచి, ఉరుకుంద దాకా కొట్టుకుంటూ పోయాడు. తిరిగి వచ్చి ఆదివారం మామూలుగా పట్టా కొట్టాడు. దాచిపెట్టలేదు. ఎవరైనా అడిగితే చెబుదామని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

అడిగినవాడు మా జేజినాయన.

"కొట్టినావా?"

"కొట్టినా పెద్దాయనా."

"తప్పు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. మన్నింపు అడుగుతా."

"అయితే తప్పెట తెచ్చి ఈడ అందరి ముందర పగలగొట్టు. వచ్చే బల్లకు లోపలికి రా."

"అది నా ఒక్కనిది గాదు పెద్దాయనా. మా నాయన సచ్చిపోతా మాయన్నకూ నాకూ కలిపి ఇచ్చినాడు. మాయన్న సంఘంలో లేడు గదా. తాను పోయిననాడు దాంతోనే సాగనంపాలని నాకాడ మాట తీసుకున్నాడు."

ఆయన్ను బయటికి పంపి మాట ముందు పెట్టారు. తప్పెట పగలగొట్టేదాకా మామకు బల్ల లేదు, పట్టా కొట్టే పనీ లేదు. జేజినాయన "ఆమేన్" అన్నాడు. బెంచీ పొడుగునా ఆమేన్లు వచ్చాయి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే పెద్ద అన్నాడు, మిగతావాళ్లు అన్నారు. వంతు చాప దగ్గరకు వచ్చింది.

పంతులమ్మ ఆమేన్ అనలేదు. "పెద్దాయనా, ఒక సంగతి అడుగుతా. ఆ తప్పెటలో సగం సంఘంలో లేని మనిసిది. ఆయన సొత్తును పగలగొట్టమని మనమెట్ల సెప్తాం?"

బెంచీ మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా జేజినాయన మాత్రం ఆమెను చూడలేదు. "ఆమేన్ అంటావా, అనవా?"

"అనలేను."

ఆ తరువాత ఆయన నా వైపు తిరిగాడు. ఒక్కరు పలకకపోతే మాట ఎట్లాగూ ఆగుతుంది, నేను అన్నా అనకపోయినా తేడా లేదు. అయినా నా వంతు నాదే.

ఇక్కడ నేను ఎప్పుడూ చెప్పే కథ ఏమిటంటే, జేజినాయన కళ్లలోకి సూటిగా చూసి, నోరు విప్పకుండా కొండలాగా కూర్చున్నానని. కొండ కాదు గదా, గులకరాయిని కూడా కాను. నోట్లో ఆమేన్ సిద్ధంగానే ఉంది. కానీ నా చాప గుమ్మం పక్కన ఉంది కదా, బయట వేపచెట్టు కింద కూర్చున్న మామ నాకు కనబడుతున్నాడు. బెంచీ మీదివాళ్లకు కనబడడు. ఆయన పట్టా కొట్టే కడ్డీని ఒళ్లో పెట్టుకుని, దానికి అంటిన మట్టిని గోటితో గీకి, పంచె కొంగుతో తుడుస్తున్నాడు. లోపల ఏం తేలుతుందో ఆయనకు ముందే తెలుసు. ఇచ్చేయవలసిన వస్తువును శుభ్రం చేసి ఇవ్వాలనుకున్నాడు.

నా నాలుక లేవలేదు. దాన్ని ధైర్యమని కొన్నాళ్లు అన్నాను. ధైర్యమైతే మాట వచ్చేది.

మా మౌనం వల్ల మామకు ఒరిగింది ఏమీ లేదు. మాట తేలేదాకా ఆయన బయటే ఉండాలన్నారు. కడ్డీ నా చేతికి వచ్చింది, అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి. మరుసటి ఆదివారం నేను పట్టా కొడితే నీళ్లకు పోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు.

"ఏమప్పా, పొద్దున్నే బొచ్చెలు సరిచేస్తాండావా?" అంది ఒకామె.

"నేర్చుకుంటాండాను లే అత్తా."

"మీ మామను అడుగు. ఆయప్ప ఖాళీగానే ఉండాడు."

ఆమె నవ్వుతూనే అంది, కానీ ఆ మాట అన్నాక వాళ్లలో ఎవరూ నవ్వలేదు.

ఇంట్లో జేజినాయన నాతో మాట్లాడడం మానేశాడు. మా అవ్వ ఇద్దరికీ నడుమ మాటలు మోసేది. ఆమెకు ఇంకొక పని కూడా ఉండేది. సంస్కారానికి రొట్టె చేసే వంతు మొదటి నుంచీ ఆమెదే. ఆ వారం గోధుమలు విసిరి, పిండి జల్లించి, మడిగా మూటకట్టి పెట్టేది. ఆ జల్లెడ సంగతి గేరిలో అందరికీ తెలుసు. జేజినాయన బాప్తిస్మం తీసుకున్ననాడు తన తప్పెటను చర్చి ముందర తోలు చించి, కాలితో తొక్కాడు. మిగిలిన చెక్క చట్రానికి మా అవ్వ ఆదోని సంతలో ఇనుప వల కొని బిగించి, జల్లెడ చేసుకుంది. గేరి పెద్దలు ఆ జల్లెడను చూపించి, చూడండి, విశ్వాసమంటే ఇది అనేవారు. నేను దాన్ని చూస్తూనే పెరిగాను గనుక, అది ఒకప్పుడు ఏమిటన్నది నాకు ఎప్పుడూ పట్టలేదు.

సంస్కారపు ఆదివారం వచ్చింది. పడుచువాళ్లను సభలో చేర్చుకున్నందుకు మాకు ఇచ్చిన పని ఒకటుంది, వెనక వరసల దాకా రొట్టె పళ్లెం తీసుకుపోవడం. నేను పళ్లెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. బయట మామ, భుజం మీద ఉతికిన తుండు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పళ్లెంలో ముక్కలు మిగిలాయి.

గుమ్మం దాటి పోయి మామ నోట్లో నా చేత్తో రొట్టె పెట్టానని, పెద్దలు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారని నేను ఎంతమందికి చెప్పానో. గుమ్మం దాటిన మాట నిజం. పళ్లెం చాచిన మాట నిజం. మామ చెయ్యి చాచలేదు.

"లోపలోళ్లు సెప్పినారా?"

"లేదు మామా. నేనే తెచ్చినా."

"అయితే తీసకపో."

"ఎవరూ సూడరు లే మామా."

అప్పుడు ఆయన తల ఎత్తాడు. కోపం లేదు, మామూలుగానే చెప్పాడు. "దాపరికంగా తినేదానికి ఇది గెనుసుగడ్డ గాదప్పా. పదిమందీ రమ్మంటే లోపలికొచ్చి తింటా. నువ్వొక్కడివే పెడితే అది నీ చేతి రొట్టె అయితాది. ఆ బల్లది గాదు."

పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చాను. సభ అంటే నాకు అంతదాకా బెంచీ, చాప, ఎదురు చెప్పడం. సంఘం అన్న మాటను మామ నమ్మినంతగా సభలో కూర్చున్న నేను నమ్మలేదని ఆ గుమ్మం దగ్గర తెలిసింది. మంచి పనే అయినా నా ఒక్కడి ఇష్టంతో చేస్తే ఆయనకు అక్కరలేదు. పదిమంది ఒప్పుకోవాలి. అయితే పదిమందిని ఒప్పించేవాళ్లు ఎవరు?

పంతులమ్మా నేనూ తిరగడం మొదలుపెట్టాం. జిల్లా అంతా తిరిగామనను. బెంచీ మీద కూర్చునే మనుషుల ఇళ్లకు పోయాం. ఎమ్మిగనూరులో మగ్గం పెద్ద గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. మేము చెప్పినదంతా నాడె అటూ ఇటూ పోతుండగానే విన్నాడు.

"నాకూ మనసు ఒప్పలేదు పంతులమ్మా. ఆమేన్ అనింది నోరే."

"మరి ఎందుకన్నారు సిన్నాయనా?"

"పెద్దాయన అన్నంక నేనెట్ల అనకుండా ఉంటా? ఆయన ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా." ఆ మాట అన్నాక ఒక పోగు తెగింది. ముడి వేసుకుంటూ నా వైపు చూశాడు. "ఆయన మీ ఇంట్లోనే ఉండాడు గదప్పా. ఇంత దూరం నాకాడికి ఎందుకొచ్చినావు?"

ఏ ఇంటికి పోయినా అదే మాట. చివరికి ఇద్దరం ఆదోనికి పోయాం, అయ్యగారితో ఒక మాట చెప్పిస్తే పని అయిపోతుందని. జిన్నింగు మిల్లుల వీధిలో దూది పీచు గాలిలో తేలుతూ వచ్చి మీద పడుతోంది. ఆయన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు, అంతా విన్నారు.

"తప్పెట సంగతి మేము పెట్టిన నిబంధన కాదు," అన్నారు. "మీ పెద్దలు వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు. ఎందుకు పెట్టుకున్నారో అడిగినారా?"

"లేదయ్యగారూ."

"నేను వచ్చి తీసేయమంటే తీసేస్తారు. అప్పుడు అది నా మాట అవుతుంది. పోయి మీ పెద్దాయన్ను అడగండి."

తిరుగుదారిలో పంతులమ్మ బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అందరూ నీ ఇంటి దోవే సూపిస్తాండారు," అంది. నాకు అది తెలుస్తూనే ఉంది. అందుకే అంతదూరం తిరిగాను.

ఆ సాయంత్రం జేజినాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మా అవ్వ పక్కనే పిండి జల్లిస్తోంది. నేను నేల మీద కూర్చున్నాను.

"జేజినాయనా, నీ తప్పెట ఎందుకు పగలగొట్టినావు?"

అన్ని రోజుల తరువాత నేను ఆయనతో అన్న మొదటి మాట అది. జవాబు రాదనుకున్నాను. చీకటి పడుతుందనగా మొదలుపెట్టాడు.

"పిలిస్తే పోవాల. జరమొచ్చినా పోవాల, ఇంట్లో పీనుగ ఉన్నా పోవాల. కొట్టినంక దూరంగా నిలబడితే ఏదో ఇసిరేస్తారు. నేను మా నాయన ఎనకాల పోయి ఆ ఇసిరేసింది ఏరుకున్నా. ఇంక నా పిల్లోళ్లు ఏరకూడదనుకున్నా. అందుకే తొక్కినా." మంచం పట్టెను చేత్తో తడిమాడు. "ఊరోళ్లు పని మాన్పించినారు. ఆ ఏడు వానలూ లేవు. మీ అత్త ఉండింది, మీ నాయన కంటే పెద్దది. ఆ ఎండాకాలం దాటలేదు."

నాకు ఒక అత్త ఉండేదని ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. అవ్వ చేతిలో జల్లెడ ఆగింది.

"ఇప్పుడు తప్పెట కొట్టినా ఫరవాలేదు అంటే," అన్నాడు జేజినాయన, "ఆ బిడ్డ దేనికి పోయినట్టు? సెప్పు. నువ్వు సభలో కూచునే పెద్దమనిసివి గదా."

ఈ చోట నేను ఏదో గొప్ప జవాబు చెప్పి ఉండాలి. అబద్ధమైనా ఒకటి కల్పించాలని ఇన్నేళ్లూ ప్రయత్నించాను, కుదరలేదు.

జవాబు అవ్వ చెప్పింది. ఆమె మా వైపు చూడలేదు, చేతిలోని జల్లెడ వైపే చూసింది. "నువ్వు తోలు చించినావు. చట్రాన్ని నేను పొయ్యిలో పెట్టలేదు. ఇన్నేండ్లు బల్ల రొట్టెకు పిండి దీంట్లోనే జల్లిస్తాండా. ఏ దేవుడూ నన్ను ఇదేందని అడగలేదు." తిరిగి జల్లించసాగింది. కాసేపటికి, ఇంకా మెల్లగా అంది, "బిడ్డ పోయింది తప్పెట కోసం గాదు. కూడు లేక పోయింది. ఆయప్పను బయట కూచోబెడితే తిరిగి రాదు."

జేజినాయన లేచి లోపలికి పోయాడు.

ఆ వారం సభ శనివారం పెట్టారు. మామ వేపచెట్టు కింద మామూలు చోటనే కూర్చున్నాడు. బెంచీ నిండింది. పంతులమ్మ మాట ముందు పెట్టింది. తప్పు ఒప్పుకున్నాడు, మన్నింపు అడిగాడు, తప్పెట ఆయన ఒక్కనిదే కాదు, దాని జోలికి పోకుండా ఆయన్ను బల్లకు చేర్చుకోవాలి. చెప్పి కూర్చుంది. వాడుక ప్రకారం అందరూ జేజినాయన వైపు తిరిగారు.

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఉన్నాడు. "ఈసారి కిందినుంచి రానీండి," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన కర్ర ఎత్తి నన్ను చూపించాడు. "మొదలు నువ్వు. నా మొగం సూడొద్దు. బయట సూస్తావో లోపల సూస్తావో నీ ఇష్టం."

నా వంతుకు ముందు ఎవరి ఆమేనూ లేదు. మీద ఏ బరువూ లేకపోవడం ఇంకా బరువుగా ఉంది. పెద్దగా, చర్చి కప్పు అదిరేటట్టు అన్నానని చెబుతుంటాను. గొంతు పగిలి సగమే వచ్చింది. రెండోసారి అనవలసి వచ్చింది. పంతులమ్మ అంది. మగ్గం పెద్ద, తన మాట తనకు దొరికినట్టు, స్పష్టంగా అన్నాడు. ఒక్కొక్క ఆమేనూ మెట్టు ఎక్కినట్టు బెంచీ పొడుగునా పోయి జేజినాయన దగ్గర ఆగింది.

చివరి ఆమేన్ ఆయనది. ఆయన పలకకపోతే మామ బయటే ఉంటాడు. అందరం ఒప్పుకున్నా బయటే ఉంటాడు.

ఆయన ముందు మామను గుమ్మం దగ్గరకు పిలిపించాడు.

"ఉరుకుంద దావన కొట్టుకుంటా పోయినావు గదా. అప్పుడు ఎవరిని తలుచుకున్నావు?"

మామకు ఆ ప్రశ్న కొత్తగా ఉంది. ఆలోచించాడు. "ఆ పిల్లోనిని పెద్దాయనా. వాణ్ణి నేను సంకనెత్తుకుని తిప్పినా. జరం దిగి బండిలో కూచుని నవ్వుతాంటే, బతికినాడు గదా అని కొట్టినా."

మా జేజినాయన కళ్లు మూసుకున్నాడు. బతికిన పిల్లవాడి మాట ఆయనకు ఎక్కడ తగిలిందో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు.

"నాది నేను తొక్కినా," అన్నాడు. "ఎందుకు తొక్కినానో నాకు తెలుసు. అది నాకాడ ఉండనీండి. ఆయప్పది ఆయప్పకు ఉండనీండి." ఆ తరువాత, పక్కవాడికి కూడా సరిగ్గా వినబడనంత మెల్లగా, "ఆమేన్."

కింది నుంచి ఆమేన్ మొదలుపెట్టే వాడుక మా చర్చిలో మొదలై ఆ చుట్టుపక్కలంతా పాకిందని ఒక మీటింగులో చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. అది ఆ ఒక్కరోజే జరిగింది. మరుసటి సభలో కప్పు మరమ్మతు మాట వస్తే జేజినాయన ఎప్పటిలా మొదట తనే ఆమేన్ అన్నాడు, నేను ఎప్పటిలా చివర అన్నాను. చాప కూడా మారలేదు. మారింది ఒక్కటే. మాట ముందు పెట్టేటప్పుడు, బయట ఎవరన్నా ఉన్నారా అని ఆయన నన్ను అడిగేవాడు. నేను గుమ్మంలోంచి తొంగి చూసి చెప్పేవాణ్ణి.

మామ సంగతి తేలిన ఆ శనివారమే, సభ ముగియగానే, ఆయన ఇంటికి పోయి కడ్డీ ఇచ్చాను. ఆదివారం పొద్దున నేనూ జేజినాయనా ఇంటి నుంచి చర్చికి నడుస్తున్నాం. నీళ్ల బిందెలతో ఆడవాళ్లు ఎదురొస్తున్నారు. సభలో ఏం తేలిందో వాళ్లలో చాలామందికి ఇంకా తెలియదు. అప్పుడు పట్టా మోగింది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా, వెంటనే ఒక చిన్నది. ముందున్న ఆమె బిందె దించి నిలబడింది. వెనకున్నామె, "మామ వచ్చినాడు," అంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

జేజినాయన నడక ఆపలేదు. కర్ర పట్టుకున్న ఆయన చెయ్యి నా పక్కనే ఉంది. దాని మీద ఆయన వేళ్లు ఆడాయి. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా, ఒక చిన్నది. చర్చి గుమ్మం దాకా ఆడుతూనే ఉన్నాయి.

ఈ చివరి మాటకు మాత్రం నేను ఏమీ కలపలేదు.